విత్తన సంచి నుంచి తక్‌పట్టీ దాకా: మార్కెట్లో రైతు చూసుకోవాల్సిన లెక్కలు

రైతుకు మార్కెట్‌తో ఏడాదికి రెండుసార్లు పని పడుతుంది. తొలకరికి ముందు విత్తనం కొనడానికి ఒకసారి, కోతలయ్యాక పంట అమ్మి తక్‌పట్టీ (అమ్మకం లెక్క రాసిచ్చే చీటీ) తీసుకోవడానికి ఇంకోసారి. రెండు చోట్లా అందరూ ధర గురించే మాట్లాడతారు. ధర రైతు చేతిలో లేదు. బిల్లులో లాట్ (బ్యాచ్) నంబరు రాయించుకోవడం, తేమ లెక్క ముందే తెలిసి ఉండడం, కాటా దగ్గర సంచికి ఎంత తీస్తున్నారో చూడడం మాత్రం రైతు చేతిలోనే ఉన్నాయి. ఎక్కువ డబ్బు పోయేది కూడా వీటి దగ్గరే.

విత్తనం కొనేటప్పుడు

ముందు ట్యాగ్ రంగు చూడండి. పసుపు ట్యాగ్ ఉంటే బ్రీడర్ విత్తనం, తెలుపు ఉంటే ఫౌండేషన్, నీలం ఉంటే సర్టిఫైడ్. లేత ఆకుపచ్చ ట్యాగ్ ఉన్నది ట్రూత్‌ఫుల్ లేబుల్ విత్తనం. నీలం ట్యాగ్ ఉంటే, ఆ విత్తనం పండిన పొలాన్ని, విత్తనాన్ని ధ్రువీకరణ సంస్థ తనిఖీ చేసి ఉంటుంది. ఆకుపచ్చ ట్యాగ్ మీద ఉన్నది కంపెనీ తన విత్తనం గురించి తానే ఇచ్చుకునే హామీ. ప్రైవేటు కంపెనీల పత్తి, మొక్కజొన్న, మిరప హైబ్రిడ్లు చాలావరకు ఈ ఆకుపచ్చ ట్యాగ్‌తోనే వస్తాయి. అది తప్పేమీ కాదు. కాకపోతే అక్కడ మీకు రక్షణ ట్యాగ్ కన్నా బిల్లే ఎక్కువ ఇస్తుంది.

ట్యాగ్ మీద పరీక్ష తేదీ, గడువు తేదీ చదవండి. సర్టిఫైడ్ విత్తనానికి పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలల గడువు ఉంటుంది. తర్వాత మళ్లీ పరీక్షించి పాసైతే ఆరేసి నెలలు పొడిగిస్తారు. పొడిగించిన లాట్ పనికిరాదని కాదు, ఇంట్లో మొలక పరీక్ష మాత్రం తప్పనిసరిగా చేయండి. కనీస మొలక శాతం వరికి 80, మొక్కజొన్న హైబ్రిడ్‌కు 90, కంది, పెసరలకు 75, సోయా, వేరుశనగలకు 70, మిరపకు 60. మిరపలో నూటికి నలభై మొలవకపోయినా ప్రమాణం ప్రకారం అది మంచి విత్తనమే. నారు పోసేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

బిల్లులో డీలరు లైసెన్సు నంబరు, మీ పేరు, పంట, రకం, లాట్ నంబరు, పరిమాణం, ధర, డీలరు సంతకం ఉండాలి. బిల్లు మీది లాట్ నంబరు, ప్యాకెట్ మీది లాట్ నంబరు ఒకటేనా అని దుకాణంలో ఉండగానే సరిపోల్చుకోండి. ఈ ఒక్క తేడాతో తర్వాత కేసు వీగిపోతుంది. కంపెనీ ‘ఆ లాట్ మేం ఆ డీలరుకు అమ్మనేలేదు’ అంటుంది, డీలరు నోరు మెదపడు. తెల్ల కాగితం మీద రాసిచ్చిన చీటీ బిల్లు కాదు.

బీజీ-2 (బోల్‌గార్డ్-2, జన్యుమార్పిడి) పత్తి విత్తనం 475 గ్రాముల ప్యాకెట్‌కు కేంద్రం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 2025-26కు అది 901 రూపాయలు. అంతకన్నా ఎక్కువ అడిగితే ఆ మొత్తం బిల్లులో రాయమనండి. ఎవరూ రాయరు, అక్కడే బేరం తెగుతుంది. ఇక విడి విత్తనంగానో, ‘బీజీ-3’ పేరుతోనో, కలుపు మందును తట్టుకుంటుందని చెప్పో అమ్మే పత్తికి దేశంలో అనుమతి లేదు. ధర తక్కువే కావచ్చు. కానీ దానికి బిల్లు రాదు. మొలవకపోయినా, కాయ పట్టకపోయినా అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

మొలక పరీక్షకు ఖర్చు లేదు. వంద గింజలు ఏరకుండా లెక్కపెట్టి తీసుకోండి. మంచివి ఏరితే పరీక్షకు అర్థమే లేదు. తడిపి పిండిన గోనెపట్టా మీద వరుసగా పేర్చి, వదులుగా చుట్టి, నీడలో పెట్టి రోజూ తడి చల్లండి. మొక్కజొన్న, పెసర వారంలో తేలిపోతాయి. వరికి ఏడెనిమిది రోజులు, పత్తికి పది పన్నెండు రోజులు, మిరపకు రెండు వారాలు ఆగాలి. వేరు, మొలక రెండూ సరిగా వచ్చినవాటినే లెక్కలోకి తీసుకోండి. ఖరీదైన హైబ్రిడ్ ప్యాకెట్ నుంచి వంద గింజలు తీయడానికి మనసు రాకపోతే పాతిక తీసి నాలుగుతో హెచ్చించండి, ఉజ్జాయింపుగా తెలుస్తుంది. వరిలో మొలక 80కి బదులు 70 శాతమే వచ్చిందనుకుందాం. ఎకరానికి 25 కిలోలు వేసే చోట 25ను 80తో హెచ్చించి 70తో భాగించండి. సుమారు 28.6 కిలోలు కావాలి.

కోసి కొద్ది రోజులే అయిన వరి విత్తనం మొలవకపోతే అది చెడిపోయిందనుకోకండి, నిద్రావస్థలో ఉండవచ్చు. నిద్రావస్థ తక్కువగా ఉండే రకాలైతే లీటరు నీటికి 6.3 మి.లీ., ఎక్కువగా ఉండే రకాలైతే 10 మి.లీ. గాఢ నత్రికామ్లం కలిపి, కిలో విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కట్టాలి (మొలకెత్తడానికి గోనెలో మూటకట్టి ఉంచాలి). ఆమ్లాన్ని నీటిలో పోయాలి. నీటిని ఆమ్లంలో పోయకూడదు.

వరి, కంది, పెసర వంటి సూటి (హైబ్రిడ్ కాని) రకాల్లో సొంత విత్తనం దాచుకోవడం, పక్క రైతుకు ఇవ్వడం, అమ్మడం మీ హక్కు. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టంలోని 39వ సెక్షన్ ఈ హక్కు ఇస్తోంది. కంపెనీ బ్రాండు పేరు వేసి అమ్మడమొక్కటే కూడదు. హైబ్రిడ్ గింజ దాచి మళ్లీ వేస్తే పైరు రకరకాలుగా విడిపోతుంది, చేయకండి.

విత్తనం దెబ్బతీస్తే

బిల్లు, ఖాళీ ప్యాకెట్, ట్యాగ్‌లతోపాటు గుప్పెడు విత్తనం కూడా పంట అమ్మేదాకా దాచండి. మొలక రాకపోతే వారం పది రోజుల్లో, బెరుకులు (వేరే రకం మొక్కలు) కనిపిస్తే పూత, కాత దశలోనే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. శాస్త్రవేత్తల బృందం చూసి నివేదిక ఇచ్చేదాకా పొలం దున్నకండి. దున్నేస్తే ఆధారమంతా పోతుంది. మొలక ఫిర్యాదుల్లో కంపెనీ ప్రతినిధి ముందుగా చెప్పే మాట ‘తడి చాలలేదు’ అనే. చిన్న జల్లుకే తొందరపడి పత్తి గింజ పెట్టిన చోట ఆ మాటలో నిజమూ ఉంటుంది. అందుకే వాన పడ్డ తేదీ, విత్తిన తేదీ రాసి ఉంచుకోండి. అదే లాట్ పక్క రైతుల పొలాల్లోనూ మొలవకపోతే అందరూ కలిసి ఫిర్యాదు ఇవ్వండి, బలం ఉంటుంది.

పరిహారం రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. గడువు రెండేళ్లు. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు జాతీయ విత్తన సంస్థ కేసులో తేల్చి చెప్పింది. విత్తనమంతా పొలంలో వేసేసిన రైతును ‘పరీక్షకు నమూనా ఏది’ అని తప్పుపట్టలేమని కూడా అదే తీర్పులో ఉంది.

యార్డుకు బండి కట్టే ముందు: తేమ లెక్క

తూకం, ధర రెండూ తేమ మీదే ఆధారపడతాయి. మద్దతు ధరకు అనుమతించే తేమ వరికి 17 శాతం, మొక్కజొన్నకు 14, కంది, పెసరలకు 12. పత్తికి 8 శాతం దగ్గర పూర్తి ధర ఇస్తారు. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం చొప్పున 12 దాకా కోస్తారు. 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) తీసుకోదు.

ఆరబెడితే బరువు ఎంత తగ్గుతుందో తెలుసుకోవడానికి ఒక సూత్రం ఉంది. 100 నుంచి ఇప్పటి తేమను తీసేయండి. వచ్చినదాన్ని ఇప్పటి బరువుతో హెచ్చించి, 100 నుంచి కావాల్సిన తేమ తీసేయగా మిగిలినదానితో భాగించండి. 22 శాతం తేమ ఉన్న క్వింటా వడ్లు 17కు ఆరితే సుమారు 94 కిలోలవుతాయి. 2025-26లో ‘ఎ’ గ్రేడు వడ్ల మద్దతు ధర 2,389 రూపాయలు. ఆ ధరకు 94 కిలోల విలువ సుమారు 2,245. అంటే కల్లంలో పచ్చి వడ్లను వ్యాపారి 2,100కు అడిగితే, తేడా 145 రూపాయలు. క్వింటా ఆరబెట్టే కూలి, టార్పాలిన్ అద్దె, వాన భయం ఆ 145లో ఇమిడితే ఆరబెట్టండి, లేదంటే అక్కడే అమ్మేయడం మేలు. ఏది లాభమో కల్లం దగ్గర కూర్చుని చేసే ఈ లెక్కే చెప్పాలి.

పత్తిలో ఈ లెక్క తిరగబడుతుంది. పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110 అనుకుందాం. 12 శాతం తేమతో క్వింటా అమ్మితే నాలుగు శాతం కోత పోను 7,785 వస్తుంది. అదే పత్తిని 8కి ఆరబెడితే 95.65 కిలోలు మిగులుతుంది, వచ్చేది 7,757. అంటే 12 నుంచి 8కి దించడం వల్ల అదనంగా ఒక్క రూపాయీ రాదు. అసలు పని 12 దాటకుండా చూసుకోవడమే. మీటరు రీడింగు ఒక కుప్పలోనే చోటు చోటుకీ మారుతుంది కాబట్టి 10 దగ్గర ఉంచుకుంటే తిరస్కరణ భయం ఉండదు. ఇంట్లో కుప్ప పోసిన పత్తి లోపల చెమ్మగా, పైన పొడిగా ఉంటుంది. మీటరు పెట్టేవాళ్లు చెయ్యి లోపలికే పోనిస్తారు. మంచు ఆరాకే ఏరండి. యూరియా సంచుల్లో నింపకండి, ఆ ప్లాస్టిక్ పోగు దూదిలో కలిస్తే గ్రేడు పడిపోతుంది. చివరి ఏరుడు పసుపు పత్తిని మొదటి ఏరుడులో కలిపితే మొత్తానికి చివరి ఏరుడు ధరే కడతారు.

వడ్లను రెండు మూడు అంగుళాల మందాన పరిచి గంటకోసారి తిరగబెట్టండి. మండుటెండలో పలచగా పరిచి ఒక్కపూటలో ఆరబెడితే గింజ లోపల పగిలి మిల్లులో నూక ఎక్కువొస్తుంది. సాయంత్రం వేడి మీదే టార్పాలిన్ కప్పితే లోపల నీరు పట్టి పొద్దుటికి తేమ పెరుగుతుంది. చల్లారాక కప్పండి.

మిరపలో రంగు పోయిన తాలు కాయను కల్లంలోనే వేరు చేయండి. తాలుకు వేరే ధర ఉంటుంది, వేరే కొనుగోలుదారూ ఉంటాడు. ఎర్రకాయలో పది శాతం తాలు కనిపించినా సంచి మొత్తానికి కోత పడుతుంది. బరువు కోసం నీళ్లు చల్లే పని అసలే వద్దు. కొనేవాడు గుప్పెడు కాయ పిసికి చూస్తే తెలిసిపోతుంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టాలనుకుంటే ఆ తడికే బూజు పడుతుంది.

యార్డులో

గేటు దగ్గర మీ పేరు, సరుకు, సంచుల సంఖ్య రాయించి చీటీ తీసుకోవాలి. సరుకు మీ పేరు మీదే నమోదవ్వాలి, ఆడ్తిదారు (కమీషన్ ఏజెంటు) పేరు మీద కాదు. మద్దతు ధర, పరిహారం, రేపేదైనా తగాదా, అన్నిటికీ అదే మొదటి ఆధారం.

ఖమ్మం, వరంగల్ ఎనుమాముల వంటి యార్డుల్లో పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన కుప్ప దగ్గర ఖరీదుదారులు పాట పెంచుతారు, అక్కడ తేలిన ధరే మర్నాడు పేపర్లో వస్తుంది. దాన్ని మీ ధర అనుకుని రావొద్దు. అది ఆ ఒక్క కుప్పది. మిగతా సరుకు దానికింద నాణ్యతను బట్టి దిగుతుంది. ఎంత దిగుతుందో తెలియాలంటే అగ్‌మార్క్‌నెట్‌లో (మార్కెట్ ధరల ప్రభుత్వ వెబ్‌సైట్) ఆ యార్డు కనిష్ఠ, గరిష్ఠ ధరల పక్కనుండే మోడల్ ధర చూడండి. ఎక్కువ సరుకు పలికిన ధర అది. నాలుగైదు రోజుల మోడల్ ధరలు రాసుకుని వస్తే ఆడ్తిదారుతో మాట వేరుగా ఉంటుంది.

ఈ-నామ్ (జాతీయ ఎలక్ట్రానిక్ మార్కెట్, 2016 ఏప్రిల్ 14న మొదలైంది) అమలయ్యే యార్డుల్లో ప్రతి కుప్పకు లాట్ నంబరు ఇచ్చి, నమూనా పరీక్షించి, ఖరీదుదారులు ఆన్‌లైన్‌లో ధర వేస్తారు. గడువు ముగిశాక ఎక్కువ ధర మీ ఫోనుకు వస్తుంది. నచ్చకపోతే ఒప్పుకోనక్కర్లేదు, మర్నాటి పాటలో పెట్టుకోవచ్చు. బహిరంగ పాటలోనూ ఈ హక్కు ఉంది, కాకపోతే అక్కడ చుట్టూ ఉన్నవాళ్లు తొందరపెడతారు.

అసలు జాగ్రత్త కాటా దగ్గర పడాలి. 50 కిలోలు పట్టే కొత్త గోనె సంచి బరువు 580 గ్రాములు. దానికి 600 గ్రాములు తీస్తే న్యాయమే. ‘సంచి తరుగు, మట్టి తరుగు’ అంటూ కిలోన్నర తీస్తే దానికి ఆధారం లేదు. 40 కిలోల సంచికి ఒక్క కిలో అదనంగా పోయినా వంద సంచులకు క్వింటా పోయినట్టే. మట్టి, తాలు ఉంటే ధరలో తగ్గించాలి గానీ తూకంలో కాదు. ఈ మాట అక్కడ గట్టిగా అనండి. శాంపిల్ కింద లాగిన కాయలను తూకానికి ముందు సంచిలో వేయించండి. పది మంది తలా గుప్పెడు తీస్తే కిలోలే అవుతాయి.

వే బ్రిడ్జి దగ్గర ఇంకో మోసం జరుగుతుంది. లోడుతో తూచేటప్పుడు డ్రైవరు దిగి, ఖాళీ బండి తూచేటప్పుడు ఎక్కి కూర్చుంటాడు. ఖాళీ బరువు 70 కిలోలు పెరిగిందంటే మీ సరుకు 70 కిలోలు తగ్గినట్టు. పత్తిలో అది 5,600 రూపాయలకు పైమాటే. రెండు తూకాలూ మీ కళ్లముందే జరగాలి. రెండుసార్లూ డ్రైవరు ఒకే చోట ఉండాలి. కాటా సున్నా చూపిస్తోందా, తూనికల కొలతల శాఖ ముద్ర ఆ ఏడాదిదేనా అన్నదీ చూడండి.

తూకం అయ్యాక తక్‌పట్టీ తీసుకోండి. దాని మీద బరువు, ధర, మొత్తం, కమీషన్, హమాలీ, దడవాయి (తూకం వేసేవాళ్ల) ఛార్జీలు విడివిడిగా ఉండాలి. మార్కెట్ ఫీజు కొన్నవాళ్లు కట్టాల్సింది, మీ పట్టీలో కనిపించకూడదు. హమాలీ, కమీషన్ రేట్లు కమిటీ కార్యాలయం బోర్డు మీద ఉంటాయి, సరిపోల్చండి. ‘ఇప్పుడే నగదు కావాలంటే నూటికి రెండు’ అనే కటింగుకు చట్టంలో చోటు లేదు. ఆ కటింగు వద్దంటే డబ్బు రెండు వారాలు ఆగుతుందని బెదిరిస్తారు. బ్యాంకు ఖాతాకే వేయమనండి. ఆలస్యమైతే మార్కెట్ కార్యదర్శికి తక్‌పట్టీ నకలుతో రాసివ్వండి.

మద్దతు ధరకు అమ్మాలంటే

2025-26లో మొక్కజొన్నకు 2,400, కందికి 8,000, పొడవు పింజ పత్తికి 8,110 మద్దతు ధర. వీటికి అమ్మాలంటే సాగు నమోదు ముందే అయి ఉండాలి. తెలంగాణలో ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) చేసే పంట నమోదు, ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్, ఈ-కేవైసీ. విత్తిన పంట, విస్తీర్ణం సరిగా ఎక్కాయో లేదో కోతకు ముందే చూసుకోండి. ఆంధ్రాలో కౌలు రైతులకు పంట సాగుదారు హక్కు పత్రం ఉండాలి. పత్తికి కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై స్లాట్ బుక్ చేసుకోవాలి. డబ్బు ఆధార్‌కు మ్యాప్ అయిన ఖాతాకే పడుతుంది. మీరు రోజూ వాడే ఖాతా, మ్యాప్ అయిన ఖాతా వేరు కావచ్చు. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాకు డబ్బు వెళ్లి ఆగిపోయినవాళ్లు చాలామంది. బ్యాంకులో ఒకసారి అడిగి చూడండి.

వరి కొనుగోలు కేంద్రాల్లో లారీ కదిలే ముందే ట్రక్ షీట్ మీద మీ సంచుల సంఖ్య, బరువు, తేమ రాయించి నకలు గానీ ఫొటో గానీ తీసుకోండి. మిల్లులో దించాక ‘తేమ ఎక్కువుంది, సంచికి రెండు కిలోలు తీసేస్తాం’ అని ఫోన్ వస్తే చూపించడానికి అదే ఉంటుంది.

ఆపాలా, ఇప్పుడే అమ్మాలా

కోతల వేళ ధర పడిపోవడం మామూలే. ఆపి అమ్మితే లాభమా అంటే అప్పు ధర చూడాలి. క్వింటా 12,000 పలికే మిర్చిని ఏడాదికి 12 శాతం వడ్డీ అప్పుతో ఆరు నెలలు ఆపితే వడ్డీయే 720 అవుతుంది. కోల్డ్ స్టోరేజీ అద్దె, రానూపోనూ హమాలీ, తగ్గే బరువు దానిపైన. అవన్నీ కలిపితే వచ్చే మొత్తం కన్నా ధర ఎక్కువ పెరుగుతుందన్న నమ్మకముంటేనే ఆపండి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఆడ్తిదారు దగ్గర తెచ్చుకున్నవాళ్లకు ఏడాదికి 24 శాతం పడుతుంది, వాళ్లకు ఆపడం దాదాపు ఎప్పుడూ గిట్టదు. పైగా ఆయన దగ్గరే అమ్మాలి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద సకాలంలో కడితే నికరంగా నాలుగు శాతమే. డబ్ల్యూడీఆర్‌ఏ (గోదాముల నియంత్రణ సంస్థ) నమోదున్న గోదాములో పెడితే ఇచ్చే ఎలక్ట్రానిక్ రసీదు మీద బ్యాంకు రుణం వస్తుంది. మార్కెట్ కమిటీ గోదాముల్లో సరుకు తాకట్టు రుణాలూ ఉన్నాయి. వాటిలో ఖాళీ కోతలకు ముందే నిండిపోతుంది కాబట్టి ముందుగానే అడగాలి.

విత్తనోత్పత్తి ఒప్పందం చేసుకునేవాళ్లకు

గద్వాల, నంద్యాల, కరీంనగర్ ప్రాంతాల్లో పత్తి, వరి, మొక్కజొన్న విత్తనం పండించే రైతులకు మార్కెట్ అంటే కంపెనీయే. మధ్యలో ఆర్గనైజరు ఉంటాడు. చాలా గొడవలు ఆయన నోటిమాట దగ్గర పుడతాయి. ఒప్పంద పత్రం మీద కంపెనీ సంతకం ఉండాలి, ఆర్గనైజరుది ఒక్కటే ఉంటే రేపు కంపెనీ తనకు సంబంధం లేదంటుంది. కిలో ధర, ఎన్నాళ్లలో చెల్లిస్తారు, మూల విత్తనమే లోపమైతే నష్టం ఎవరిది, తిరస్కరించిన విత్తనం ఎవరికి చెందుతుంది, ఈ నాలుగూ రాతలో ఉండాలి. ఎకరానికి కనీస ఆదాయం రాయించుకోగలిగితే ఇంకా మంచిది.

వేర్పాటు దూరం పొలం ఎంచుకున్నప్పుడే కొలవండి. సూటి వరి రకాలకు 3 మీటర్లు చాలు, మొక్కజొన్న హైబ్రిడ్‌కు 200 మీటర్లు కావాలి. పక్క పొలంలో మొక్కజొన్న వేస్తే మీ విత్తనమంతా తిరస్కరణకు గురవుతుంది, అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. వరిలో కేళీలను (బెరుకు మొక్కలను) పూతకు ముందు ఒకసారి, పూతలో ఒకసారి, కోతకు ముందు ఒకసారి ఏరాలి.

విత్తనం అప్పగించాక జన్యు స్వచ్ఛత పరీక్ష జరుగుతుంది. అంటే ఆ గింజను పొలంలో వేసి మొక్కలు చూసి లెక్కగట్టడం. దీనికి ఒక సీజన్ పడుతుంది, అందుకే డబ్బు ఆగుతుంది. ఫెయిలైందని చెబితే నివేదిక నకలు అడగండి. సరుకు అప్పగించే రోజే ఇరుపక్షాల సంతకాలతో సీలు వేసిన నమూనాలు రెండు తీయించి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. రెండో పరీక్ష అడగడానికి అదే దారి. లేకుంటే ఏ సంచిలోంచి తీసిన గింజ ఫెయిలైందో మీరు నిరూపించలేరు.